తాడు లోపలి దిబ్బ

గవ్వలదీవిలో చేపల పులుసు వండిన రోజున ఇంటికి అతిథి వస్తే, తలకాయ ముక్క అతిథి కంచంలోనే పడాలి. ఇంటి యజమాని తోకముక్కతో సరిపెట్టుకుని, "ఉప్పు సరిపోయిందా బాబూ?" అని అడగాలి. ఇది ఏ చట్టంలోనూ లేదు. తాతల కాలంలో శ్రీకాకుళం తీరం నుంచి ఓడెక్కి, అండమాన్ సముద్రంలోని ఈ చిన్న దీవిలో దిగిన మత్స్యకారులు తమతో తెచ్చుకున్న పద్ధతి. తరవాత వలలు మారాయి, తెప్పలు పోయి ఇంజను డింగీలు వచ్చాయి, పిల్లలు బళ్ళో హిందీ నేర్చారు. తలకాయ ముక్క మాత్రం అతిథిదే.

ఈ మర్యాదలో గరికిన ఎర్రయ్యను మించినవాడు దీవిలో లేడు. అతను మత్స్యకార సంఘానికి అధ్యక్షుడు. ఎవరైనా కొత్తమనిషి జెట్టీ మీద దిగాడంటే ఎర్రయ్య చొక్కా తొడుక్కుని ఎదురెళ్ళేవాడు. దీవికి తెలుగు తెలిసిన పెద్దాఫీసరు వస్తున్నాడన్న రోజున ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. కథంతా ఆ ఇస్త్రీ చొక్కాతోనే మొదలైంది.

దీవికి తూర్పున, అలలు విరిగే చోట, నీళ్ళ కింద పెద్ద పగడపు దిబ్బ ఉంది. గవ్వలదీవిలో ఏ పొయ్యి మీద ఉడికే చేపైనా ఆ దిబ్బ సందుల్లో పెరిగిందే. దాని బాగోగులు చూడ్డానికి ప్రభుత్వం 'ప్రవాళ భిత్తికా ఆరోగ్య పర్యవేక్షణ కేంద్రం' అని ఒక ఆఫీసు తెరిచింది. ప్రవాళ భిత్తిక అంటే తమ దిబ్బేనని జనానికి అర్థం కావడానికి కొంతకాలం పట్టింది. ఆ కేంద్రానికి వచ్చిన అధికారి పేరు డాక్టర్ శశిభూషణరావు. ఆయనకు ఈత రాదు. పర్యవేక్షణకు ఈత అవసరమని నియమావళిలో ఎక్కడా లేదు.

"ఎర్రయ్యగారూ, భిత్తికలో ఒక ప్రాతినిధ్య ప్రాంతాన్ని ఎంపిక చేసి, దాన్ని శాశ్వత పరిశీలనా చట్రంగా నిర్ధారించవలసి ఉన్నది. ఇందులో తమబోటి స్థానిక భాగస్వాముల సహకారం మిక్కిలి అభిలషణీయం," అన్నాడాయన.

ఎర్రయ్యకు ఇందులో ఒక్క ముక్క అర్థమైంది. దొడ్డమనిషి దిబ్బను చూడ్డానికి వచ్చాడు. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళను ఎవరైనా పెరట్లో కూర్చోబెడతారా? ఎర్రయ్య కుర్రాళ్ళను పోగేసి, దిబ్బలో అన్నిటికన్నా కళగా ఉన్న మూలను ఎంచాడు. విరిగిన కొమ్మలు ఏరించాడు. రాళ్ళను కరుచుకున్న ముళ్ళకాయ జీవాలను తీయించాడు. చుట్టూ నీలం నైలాను తాడు పరిచి, కదలకుండా రాళ్ళు పెట్టించాడు. శశిభూషణరావు పడవలో కూర్చుని, అడుగున అద్దం బిగించిన బకెట్టులోంచి కిందికి చూశాడు. ఊదా, పసుపు, లేత ఆకుపచ్చ. మధ్యలో చిలకచేపల గుంపు.

"అత్యుత్తమం," అన్నాడాయన.

నివేదికలో అదే వెళ్ళింది. ఏడాది తిరక్కుండా గవ్వలదీవి కేంద్రానికి ప్రథమ బహుమతి, ఎర్రయ్యకు శాలువా వచ్చాయి. ఎర్రయ్య ఆ శాలువా కప్పుకుని ఇల్లిల్లూ తిరిగాడు. అతని భార్య దానమ్మ ఎండుచేపలు తిరగేస్తూ, "ఈ ఎండకి శాలువా ఏటయ్యా, సెమటలు కారిపోతన్నాయి," అంది.

ఆ ఎండే కొంప ముంచింది.

మరుసటి వేసవిలో సముద్రం కాగిన నీళ్ళలా అయింది. దిబ్బ రంగు వెలిసింది, తరవాత పాలిపోయింది, ఆపైన సున్నం కొట్టినట్టు తెల్లబడింది. పాతకాలం వాళ్ళు కూడా ఒకటి రెండుసార్లు ఇలాంటిది చూశారు. అప్పుడు వాళ్ళు చేసే పని ఒకటే. దిబ్బ మీద వల వెయ్యరు. చల్లటి నీళ్ళు వచ్చేదాకా బయటి లోతుల్లోకి పోయి గాలాలతో వేటాడుకుంటారు. చిలకచేపలు మిగిలి ఉంటే అవి తెల్లరాళ్ళ మీద పట్టిన నాచు గీకి తింటాయి, దిబ్బ మళ్ళీ ప్రాణం పోసుకుంటుంది. దాన్ని వాళ్ళు దిబ్బకు సెలవివ్వడం అంటారు.

దీవివాళ్ళు సెలవిచ్చారు. కాని అవతలి తీరం నుంచి పర్మిట్ల మీద వచ్చే పెద్దబోట్లు ఇవ్వవు. అవి ఒక్కసారి వల దింపాయంటే చిలకచేప పిల్ల కూడా మిగలదు. వాటిని ఆపాలంటే దిబ్బను సర్కారే మూసెయ్యాలి. సర్కారు మూసెయ్యాలంటే దిబ్బకు బాగోలేదని కేంద్రం రాయాలి. అందుకని ఎర్రయ్య కేంద్రానికి పరుగెత్తాడు.

"సారూ, దిబ్బ తెల్లబడిపోనాదండి. తాడు లోపల కూడా సగం పోనాది. బేగి మూయించీండి."

శశిభూషణరావు పడవెక్కి, బకెట్టు ముంచి చూశాడు. చాలాసేపు చూసి, తలెత్తి గంభీరంగా అన్నాడు:

"ఇందులో ఒక సాంకేతిక దోషం గోచరిస్తున్నది. చట్రంలో ఉండవలసినది ప్రాతినిధ్య నమూనా. ఈ భిత్తికకు ప్రాతినిధ్యం వహించేది అత్యుత్తమ ఆరోగ్యమని ప్రథమ నివేదికలోనే నిర్ధారణ అయినది. కాగా ఈ తెల్లని భాగం అత్యుత్తమంగా లేదు. కనుక అది ప్రాతినిధ్యం కోల్పోయినది."

"అంటే ఏటి సెయ్యాల బాబూ?"

"తాడు లోపలికి జరపాలి."

ఎర్రయ్య నోరు వెళ్ళబెట్టాడు. అయినా అతిథి మాట. నీళ్ళలోకి దూకి, తాడును రంగున్న భాగం చుట్టూ దగ్గరికి లాగి, రాళ్ళు పెట్టి వచ్చాడు. ఆ నెల నివేదికలో గవ్వలదీవి దిబ్బ మళ్ళీ అత్యుత్తమం.

"మరి తాడు బైటున్న దిబ్బ మాటేటండి?" అని ఎర్రయ్య తల తుడుచుకుంటూ అడిగాడు.

"బయట దిబ్బ లేదు," అన్నాడు శశిభూషణరావు, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు నెమ్మదిగా. "నియమావళి, రెండవ అధ్యాయం. పర్యవేక్షణ పరిధిలో లేని పదార్థము ఉన్నట్లు పరిగణింపబడజాలదు."

ఆ వేసవంతా ఎర్రయ్య పని తాడు లాగడమే అయింది. కాస్త తెల్లబడటం, కాస్త లాగడం. మొదట్లో బడి ఆటస్థలమంత ఉన్న చట్రం పెళ్ళిపందిరంత అయింది, పందిరి కాస్తా నులకమంచమంత అయింది. దాంతోపాటు చేపల లెక్కా మారింది. తాడు దాటి ఈదిన చేప దిబ్బచేప కాదని కేంద్రం తేల్చింది. పాపం, చేపలకు ఆ సంగతి తెలియక రోజంతా పౌరసత్వం మార్చుకుంటూ తిరిగేవి.

"ఎవులైనా జబ్బు మనిసిని డాట్టరుకి సూపించీటప్పుడు మొకానికి పౌడరు రాసి సూపిస్తారేటయ్యా?" అని దానమ్మ నిలదీసింది. "ఆ పొద్దు నువ్వు సేసింది అదే. ఇప్పుడు ఆయనకి ఆ పౌడరే దిబ్బ."

ఎర్రయ్య చేసింది మర్యాదే. ఆ మర్యాదే ఇంత పని చేస్తుందని ఎవరు మాత్రం అనుకుంటారు? ఒకరోజు పొద్దున్నే పోయి, తాడును తీసుకెళ్ళి పూర్తిగా తెల్లబడిన చోట పరిచి, శశిభూషణరావును పిలుచుకొచ్చాడు. ఇప్పుడైనా చూస్తాడు కదా అని అతని ఆశ.

శశిభూషణరావు చూశాడు. ఆయన ముఖంలో జాలి కనిపించింది, ఎర్రయ్య మీద.

"పొరపాటున తాడు భిత్తిక లేని చోటికి కొట్టుకుపోయినట్లున్నది. యథాస్థానంలో పెట్టించండి."

వేసవి చివర్లో ప్రధాన కార్యాలయం నుంచి ఉన్నత స్థాయి కమిటీ వచ్చింది. అప్పటికి తాడు లోపల ఒకే ఒక్క పగడపు గడ్డ మిగిలింది. ఊదారంగుది, గుమ్మడికాయంత. దాని సందులో ఒక చిన్న నీలంచేప కాపురముంటోంది. కమిటీ ఛైర్మన్ బకెట్టులోంచి దాన్ని చూసి ఉబ్బితబ్బిబ్బయ్యాడు.

"నూటికి నూరు శాతం సజీవ ఆచ్ఛాదన! దేశంలో మరే భిత్తికా ఈ స్థాయిని అందుకోలేదు. అయితే రావుగారూ, ఇంతటి భిత్తికను ఇలా ఆరుబయట సముద్రంలో వదిలెయ్యడం బాధ్యతారాహిత్యం కాదా?"

శశిభూషణరావుకు చెమట పట్టింది. నిజమే. సముద్రంలో ఎండ ఉంటుంది, అల ఉంటుంది, ఏదైనా జరగొచ్చు. కమిటీ అక్కడికక్కడే తీర్మానించింది. భిత్తికను కార్యాలయ ప్రాంగణంలోకి తరలించి, శీతలీకరించిన గదిలో అద్దాల తొట్టిలో భద్రపరచాలి.

ఆ గడ్డను పెళ్ళగించి తెచ్చింది ఎర్రయ్యే. మరొకరి చేతులు పడితే విరుగుతుందని తనే దిగాడు. చిన్నప్పుడు మొదటిసారి మునిగినప్పుడు తండ్రి వేలితో చూపించిన గడ్డ అది. నీళ్ళలో ఉన్నప్పుడు ఏడిస్తే ఎవరికీ కనపడదు కాబట్టి కాసేపు నీళ్ళలోనే ఉన్నాడు. నీలంచేప గడ్డను వదలకుండా దానితోపాటే తట్టలోకి వచ్చేసింది.

అలా గవ్వలదీవి దిబ్బ శశిభూషణరావు బల్ల పక్కకు చేరింది. దానికి రోజూ మంచి సముద్రపు నీళ్ళు బిందెలతో మోసే బాధ్యత స్థానిక భాగస్వాములకు దక్కింది. ఫ్యాను కింద ఉక్కపోసి జనం చచ్చిపోతున్నా, దిబ్బకు ఏసీ. సందర్శకులు చెప్పులు విడిచి లోపలికి రావాలి. నివేదికలు రాయడం ఇప్పుడు ఆయనకు మహా సుఖంగా ఉంది. కుర్చీలోంచి మెడ తిప్పితే చాలు, దిబ్బంతా పర్యవేక్షించినట్టే.

అక్కడితో ఆగినా బాగుండేది. నీలంచేప ఒంటరిగా బెంగపెట్టుకుందని ఆయన ఇంకో నీలంచేపను తెప్పించి తొట్టిలో వేశాడు. జాలిగుండె. ఆ నెల నివేదికలో మాత్రం 'దిబ్బ మత్స్యసంపద రెట్టింపు' అని పడింది. అది చదివిన ప్రధాన కార్యాలయం, పెరిగిన సంపదను వృథా పోనివ్వడం దేశానికి నష్టమని భావించి, గవ్వలదీవి ప్రవాళ భిత్తిక పరిధిలో వేటాడుకోవడానికి తీరంలోని పెద్దబోట్లకు అనుమతులిచ్చేసింది.

ఒక ఉదయం తూర్పున అలల అవతల బోట్లు లంగరేసి కనిపించాయి. ఊరంతా ఒడ్డుకొచ్చి నిలబడింది. తెల్లటి దిబ్బ మీద ఇంకా చిలకచేపలు తిరుగుతున్నాయి. వర్షాలు దగ్గర్లోనే ఉన్నాయి. ఇంకొన్నాళ్ళు వాటిని ఎవరూ ముట్టుకోకపోతే చాలు. ఇప్పుడు వలలు దిగితే ఇక ఎన్ని వర్షాలు పడ్డా ఒకటే.

బోట్ల ఏజెంటు చిట్టిరాజు చిన్న పడవలో ఒడ్డుకొచ్చాడు. గోదావరి మనిషి, మాట మెత్తన. చేతిలో పర్మిట్టు.

"నమస్కారమండి. ప్రెసిడెంటుగారు తవరేనంటండి. బోట్లు నడిపే మా సరంగులకి ఈ నీళ్ళు కొత్తండి. దిబ్బ ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా ఉందో కాస్త చూపించి పుణ్యం కట్టుకోండి."

అతిథి అడిగాడు. అడిగితే చూపించడమే తప్ప లేదనడం ఈ జన్మలో అలవాటు లేదు. ఎర్రయ్య చెయ్యి దానంతటదే తూర్పుకు లేవబోయింది. పక్కనే చేపలు ఆరబెడుతున్న దానమ్మ తలెత్తకుండానే అంది:

"ఎక్కడుంటాది బాబూ? ఆపీసులో ఉంది. తీసుకెల్లి సూపించయ్యా, అలగ నిలబడిపోనావేటి?"

ఎర్రయ్య భార్య వంక ఒక్క క్షణం చూశాడు. అతని మొహంలో వెలుగొచ్చింది. "రండి బాబూ," అన్నాడు, ఎప్పటిలాగే మర్యాదగా.

కేంద్రంలో చెప్పులు విడిపించి, చిట్టిరాజును తొట్టి ముందు నిలబెట్టాడు. ఊరి జనం కిటికీల దగ్గర మూగారు.

"ఇదేంటండి?"

"గవ్వలదీవి దిబ్బ బాబూ. మొత్తం ఇదే. సారుని అడగండి."

చిట్టిరాజు పర్మిట్టు చదువుకున్నాడు, తొట్టి చూశాడు, మళ్ళీ పర్మిట్టు చదువుకున్నాడు. "సార్, ఈయన ఏళాకోళం చేస్తన్నారండి. దిబ్బ బయట సముద్రంలో ఉంది కదండి?"

ఎర్రయ్య ముందుకొచ్చి చేతులు జోడించాడు. అతని గొంతులో వెటకారం లేదు.

"సారూ, ఉందని సెప్పీండి. బైట దిబ్బ ఉందని ఒక్క మాట రాయండి. అది తెల్లబడిపోనాదని కూడా రాసి, మూయించీండి. మాకింకేటీ వొద్దు. ఈ తొట్టిని నేనే మోసుకెల్లి ఎక్కడిది అక్కడ పెట్టీస్తాను."

శశిభూషణరావు చెడ్డవాడు కాదు. ఆయన కిటికీలోంచి సముద్రం వైపు నిజంగానే చూశాడు. తరవాత గోడ మీది ప్రథమ బహుమతి వైపు చూశాడు. బయట దిబ్బ ఉందంటే అది ఎప్పటినుంచి ఉన్నట్టు? ఇన్నాళ్ళూ ఎందుకు లేనట్టు? ఆ ప్రశ్నలు ఎవరు వేస్తారో, తన ప్రమోషను ఫైలు ఎవరి బల్ల మీద ఉందో ఆయనకు తెలుసు. గొంతు సవరించుకున్నాడు.

"ప్రవాళ భిత్తిక ఇదియే. తమ అనుమతి సక్రమమైనదే. నిబంధనలకు లోబడి ఇందులో వల వేసుకోవచ్చును."

"ఇందులోనా అండి?" చిట్టిరాజు రెండు నీలంచేపల వంక చూశాడు. అవి కూడా అతని వంక చూశాయి. "మరి బయటున్నదేంటండి?"

"భిత్తికేతర జలరాశి. అందు ఈ అనుమతి చెల్లనేరదు. అతిక్రమించినచో బోట్లు జప్తు చేయబడును."

"ఆ మాట రాసివ్వగలరాండి?"

రాయడం దగ్గర శశిభూషణరావు ఏనాడూ వెనకాడలేదు. ముద్ర కూడా వేసిచ్చాడు. చిట్టిరాజు చెప్పులేసుకుంటూ, "ఉద్యోగంలో ముప్పయ్యేళ్ళు తిరిగానండి, ఇంత చిన్న సముద్రం ఎక్కడా చూడలేదండి," అని వెళ్ళిపోయాడు. మధ్యాహ్నానికి బోట్లు లంగరెత్తాయి.

వర్షాలు మొదలవుతూనే శశిభూషణరావుకు ప్రమోషను మీద బదిలీ అయింది. చిక్కల్లా చార్జి అప్పగించడంలో వచ్చింది. ఆయన స్థానంలో ఇంకా ఎవరినీ వెయ్యలేదు. నూటికి నూరు శాతం ఆరోగ్యంగా ఉన్న భిత్తికను దిక్కులేకుండా వదిలి వెళ్ళడానికి నియమావళి ఒప్పుకోదు. కనుక భిత్తిక కూడా అధికారి వెంట ప్రధాన కార్యాలయానికి బదిలీ అయింది.

జెట్టీ మీద ఘనంగా వీడ్కోలు జరిగింది. డప్పులు మోగాయి. శశిభూషణరావుకు ఒక దండ, తొట్టికి ఒక దండ. ఆయన కళ్ళు చెమర్చాయి, "ఈ భిత్తికను కంటికి రెప్పలా చూసుకుంటాను," అన్నాడు. ఎర్రయ్య కళ్ళు ఆయనకన్నా ఎక్కువ చెమర్చాయి. ఓడ కనుమరుగయ్యేదాకా తండ్రి చూపించిన ఆ ఊదారంగు గడ్డ వైపే చూస్తూ నిలబడ్డాడు. ఓడతోపాటు గవ్వలదీవి దిబ్బ లెక్కల్లోంచి వెళ్ళిపోయింది. దిబ్బలేని దీవికి దిబ్బ పర్మిట్లు ఎవరిస్తారు? ఒక్క బోటూ ఇటు తిరగలేదు. కేంద్రానికి తాళం పడింది.

వానాకాలం నీళ్ళు చల్లబడ్డాయి. ఒకరోజు ఎర్రయ్య దిబ్బ మీద మునిగి, పైకి తేలి, ఒడ్డుదాకా గసపోస్తూ ఈదాడు.

"ఓలే, రంగొచ్చిందే! సిలకలు నాచంతా గీకీసినాయి. తూరుపు మూల పసుపుపచ్చగా... సన్నగా... నేను సూసాను!"

దానమ్మ అటూ ఇటూ చూసి అతని నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "సూసావు గదా. సాలు. ఇంకెవులికీ సూపించకు."

ఏడాది దాటాక కొత్త అధికారిణి దిగింది. పేరు నళిని. చిన్న వయసు, కళ్ళనిండా ఉత్సాహం. జెట్టీ మీద దిగీ దిగగానే ఎర్రయ్యకు నమస్కారం పెట్టింది. ఈమెకు ఈత కూడా వచ్చు.

"ఇక్కడ ఒకప్పుడు గొప్ప దిబ్బ ఉండేదని చదివానండీ. ఏమైనా మిగిలిందేమో చూద్దామని. మీరు చూపిస్తే చట్రం వేసుకుంటాను. తాడు కూడా తెచ్చుకున్నాను," అంటూ సంచిలోంచి కొత్త నీలం తాడు చుట్ట తీసింది.

ఎర్రయ్య ఆ తాడు వంక చూశాడు. ఆ అమ్మాయి మొహం వంక చూశాడు. మంచిపిల్లే. ఈమెకు చూపిస్తే ఏమవుతుంది? ఏమీ కాకపోవచ్చు. అయితే ముందొచ్చిన ఆయన కూడా మంచివాడే.

"నాచు రాళ్ళమ్మా, సూడ్డానికేటీ నేదు," అని ఆమెను పడవెక్కించుకుని పడమటి వైపు తీసుకెళ్ళాడు. అక్కడ మడ అడవి, మోకాటి లోతు బురద, పీతలు. ఆ అమ్మాయి ఓపిగ్గా బురదంతా చూసింది, నిట్టూర్చింది, తాడును తిరిగి సంచిలో పెట్టుకుంది.

మధ్యాహ్నం భోజనానికి ఎర్రయ్య ఇంటికే వచ్చింది. దానమ్మ చేపల పులుసు వండింది. గరిటె తీసుకుని ఒక్క క్షణం ఆగి, అతిథి కంచంలో తోకముక్క వేసింది. తలకాయ తెచ్చి మొగుడి కంచంలో అన్నం చాటున పడేసింది. అంత పెద్ద తలకాయ దిబ్బచేపకు తప్ప ఉండదు. తోక మాత్రం ఏ చేపదైనా ఒకటే.

పుట్టి బుద్ధెరిగాక ఎర్రయ్య ఇంట్లో అలాంటి అమర్యాద జరగలేదు. అన్నంలో చెయ్యి పెట్టి కలుపుతూ కూర్చున్నాడు కాని ముద్ద ఎత్తలేకపోయాడు. ఆ అమ్మాయి మాత్రం తోకముక్కను ముళ్ళు ఏరుకుంటూ ఇష్టంగా తింటోంది.

"ఉప్పు సరిపోయిందా తల్లీ?" అని అడిగాడు, తలెత్తకుండా.